అరగంట ఫ్లాట్ చూపించినందుకు ఏజెంటుకి 2 పర్సెంట్ ఇవ్వాలా?

ప్రశ్న అడిగినాయన రాసింది ఇదీ: హైదరాబాద్‌లో ఒక రీసేల్ ఫ్లాట్ నచ్చింది, ఏజెంట్ 2 పర్సెంట్ అడుగుతున్నాడు, అరగంట ఫ్లాట్ చూపించడం తప్ప అతను చేసిందేం లేదు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) కూడా నేనే ఆన్‌లైన్‌లో తీసుకున్నా, ఎంత ఇస్తే సరిపోతుంది?

ముందే చెప్పేస్తున్నా, నేను ఏజెంటునే. 11 ఏళ్లుగా నిజాంపేట, ప్రగతి నగర్, బాచుపల్లి వైపు తిరుగుతున్నా, కాబట్టి నా జవాబు ఎటు మొగ్గుతుందో మీకు తెలిసిపోయింది, ఇష్టం లేకపోతే ఇక్కడే ఆపేయండి. అంతకుముందు మందుల కంపెనీలో రెప్‌గా చేశాను, డాక్టర్ల గుమ్మాల దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడ్డవాడిని, కాబట్టి బ్రోకర్ గాడు అనిపించుకోవడం నాకు కొత్త కాదు. ఆ "అరగంట" అన్న మాట కూడా నేను పట్టించుకోను. "ఈసీ నేనే తీసుకున్నా" అన్నారు చూశారూ, అక్కడే కూర్చుని రాయాలనిపించింది.

2022 మే నెలలో జరిగింది చెప్తా. నిజాంపేటలో 2 బెడ్‌రూమ్ ఫ్లాట్, మూడో ఫ్లోర్, ఈస్ట్ ఫేసింగ్, 35 గజాల యూడీఎస్ (కింద స్థలంలో ఫ్లాటుకొచ్చే వాటా), 1150 ఎస్ఎఫ్‌టీ, అంటే చదరపు అడుగులు. 1150 అని మేమంతా నోటికొచ్చినట్టు చెప్తాం గానీ లోపల టేపు పెట్టి కొలిస్తే 850 దాటదండి, మిగతాదంతా మెట్లూ లిఫ్టూ కారిడారూ. 2016లో రెరా అని రియల్ ఎస్టేట్ చట్టం వచ్చి కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపలి కొలత, చెప్పి అమ్మండ్రా బాబూ అంది, అయినా కొత్త ప్రాజెక్టుల వాళ్లే బయట బోర్డు మీద పెద్ద నంబరు వేస్తారు, ఇంక పాత ఫ్లాట్లకి అడిగే నాథుడెవడు. సరే, అది వేరే ఏడుపు.

చూడ్డానికి భార్యాభర్తలు వచ్చారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్, మంచివాళ్లే. ఆయన బాత్రూంలో కుళాయి తిప్పి మంజీరా నీళ్ల కనెక్షన్ ఉందా అన్నారు, ఉంది. ఆవిడ డల్లాస్‌లో ఉన్న వాళ్ల అన్నయ్యకి వీడియో కాల్ చేస్తే ఆయనకి అక్కడ తెల్లారుజామున వాస్తు డౌట్ వచ్చింది, నేను ఫోన్ పట్టుకుని వంటింట్లో నాలుగు వైపులా తిరిగాను, స్టవ్ దగ్గర ఒకసారి, సింకు దగ్గర రెండుసార్లు. అంతా కలిపి 25 నిమిషాలు. వాళ్లు చూసిన మొదటి ఫ్లాటే నచ్చేసింది, అదే నా ఖర్మ. వారంలో ఓనరుతో సిట్టింగ్ వేయించాను, 68 లక్షలకి తెగింది, లక్ష టోకెన్ అడ్వాన్స్ ఇచ్చారు. నాకు కొన్నవాళ్ల నుంచి 2 పర్సెంట్, అమ్మినాయన నుంచి 1 అని నోటిమాట.

మర్నాడు పొద్దున్నే కొన్నాయన ఈసీ డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పెట్టారు. 2009లో బిల్డర్ నుంచి ఫలానా వారికి అమ్మకం, ఆ తర్వాత ఏమీ లేదు. కింద "క్లియర్ అండీ" అని, పక్కన బొటనవేలు బొమ్మ.

ఈసీలో చావులు కనపడవండీ. రిజిస్ట్రేషన్ అయినవే కనపడతాయి. ఆ 2009లో కొన్న పెద్దాయన గోదావరిఖనిలో సింగరేణిలో పనిచేసి రిటైరై, వచ్చిన డబ్బుతో ఆ ఫ్లాట్ కొన్నారు, 2019లో పోయారు. ఆయన భార్య అంతకుముందే పోయారు. వీలునామా రాయలేదు. మాకు అమ్ముతున్నది కొడుకు. ఇంటి పన్ను రసీదు చూపిస్తాడు, నా పేరు మీదే ఉంది కదా భాయ్ అంటాడు. పన్ను రసీదు అంటే పన్ను కట్టాడని, అంతే, ఇల్లు ఆయనదని కాదు. ఈ ముక్క చదువుకున్నవాళ్లకి కూడా చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

"మీరొక్కరేనా సార్?" అన్నా.

"ఒక చెల్లె ఉంది. పెండ్లప్పుడే కట్నం ఇచ్చి పంపినం. ఆమెకేం సంబంధం లేదు."

ఈ మాట నేను ఎన్ని సిట్టింగుల్లో విన్నానో లెక్కలేదు. ఆడపిల్లలకి హక్కు 2005లో వచ్చింది కదా, మా చెల్లి పెళ్లి అంతకుముందే అయిపోయింది అని ఒక లెక్క చెప్తారు. ఆ 2005ది ఉమ్మడి ఆస్తి సంగతి. తండ్రి సొంత సంపాదనతో కొని వీలునామా రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే కొడుకూ కూతురూ సమానం. అంటే ఆ ఫ్లాట్‌లో సగం ఆమెది. బ్యాంకు లాయరు కూడా ఒక్క లైనులో అదే రాసి పంపించాడు, చెల్లెలి సంతకం లేకపోతే లోన్ లేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఓనరు ఏమన్నాడంటే, నువ్వే పోయి రా భాయ్, పసుపు కుంకుమల కింద 2 లక్షలు ఇస్తానన్నానని చెప్పు, రిలీజ్ డీడ్ (వాటా వదులుకున్నట్టు రాసే కాగితం) మీద సంతకం పెట్టమను. నేను సరే అని బండెక్కాను. సగం ఆమెదని తెలిసే వెళ్లాను, నా కళ్ల ముందు రెండు వైపుల కమీషనే ఉంది మరి.

చెల్లెలి ఊరు కోరుట్ల. నిజాంపేట నుంచి రెండొందల కిలోమీటర్ల పైనే, పెట్రోలు నాది, సిద్దిపేటలో టిఫిన్ నాది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆమె అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. భర్త దుబాయ్‌లో ఉంటాడట. నేను వచ్చిన పని చెప్తుంటే కత్తెర ఆపలేదు, తునికాకు కత్తిరిస్తూనే వింది, ఒక్కో ముక్కా ఒకే కొలత, చూడకుండానే. నేను 2 లక్షలు అన్నప్పుడు మాత్రం ఆగింది.

"మా అన్న పంపిండా నిన్ను? ఆయనకు కాళ్లు లేవా సార్?"

నేనేదో బిజీగా ఉన్నారమ్మా అన్నా.

"మా బాపు సచ్చిపోయిన్నాడు మాట్లాడిండు, గంతే. ఇల్లు అమ్ముతున్న ముచ్చట నాకు ఎవలో చెప్పాల్నా?" అని మళ్లీ కత్తెర అందుకుంది. లోపలికి కేకేసి నాకు చాయ్ పెట్టించింది. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాక అడిగింది, మామూలుగా, ధర అడిగినట్టు: "సార్, కాయితం ప్రకారం నాకెంతొస్తది?"

అబద్ధం చెప్పొచ్చు. ఈ లైన్లో నేను చెప్పని అబద్ధాలు లేవు, పక్కనే మెట్రో వస్తుందని నేను అమ్మిన ప్లాట్ల దగ్గరికి ఇప్పటికీ సెవెన్ సీటర్ ఆటో కూడా రాదు. 2020లో ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) పేరుతో నేను డబ్బు కట్టించిన ఇద్దరు ఇప్పటికీ నా ఫోన్ ఎత్తరు, అది న్యాయమే. కానీ ఆ చాయ్ తాగాక నోరు రాలేదు. సగం అమ్మా అన్నాను.

దాంతో ఓనరు నా మీద ఎగిరాడు. నా సొమ్ము తింటూ ఆమెకి చెప్తవా అన్నాడు (ఇంకా ఒక్క రూపాయి తినలేదు, పైగా పెట్రోలు). పదిహేను రోజులు ఫోన్ ఎత్తలేదు. ఇటు కొన్నాయన రోజూ ఫోన్, ఆ ఏడాది ఆర్బీఐ రేట్లు పెంచుకుంటూ పోయింది గుర్తుందా, రెపో, అంటే ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, మేలో 4 నుంచి 4.40, జూన్‌లో 4.90, ఆగస్టుకి 5.40. ఈఎంఐ పెరిగిందండీ, ఈఎంఐ పెరిగిందండీ అని, అదేదో నేనూ గవర్నర్ గారూ కలిసి పెంచినట్టు. లాయరు ఏమన్నాడో పూర్తిగా చెప్పలేదు ఆయనకి, ఫ్యామిలీ పేపర్స్ కొంచెం పెండింగ్ అన్నాను. చెప్తే టోకెన్ వెనక్కి అడుగుతారు, ఇంకో ఫ్లాట్‌కి పోతారు. అక్కడే నేను దెబ్బతిన్నాననుకోండి. పడ్డ కష్టం దాచుకున్నాను, తర్వాత దాని ధర అడిగితే ఎవడిస్తాడు?

రెండోసారి ఒక్కడినే వెళ్లాను, పని కాలేదు. మూడోసారి ఓనరునే కార్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. ఎలా ఒప్పించానంటే, సార్ ఆమె కోర్టుకెళ్తే పదేళ్లు ఆ ఫ్లాట్‌కి మీరు తాళం వేసుకుని మెయింటెనెన్స్ కట్టుకోవాలి అని చెప్పా. రాఖీ పౌర్ణమికి వారం ముందు. దారిలో జగిత్యాలలో ఆపి చీర కొనమంటే ధర దగ్గర బేరమాడాడు మహానుభావుడు.

వాళ్లిద్దరూ కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నారు, అందులో ఫ్లాట్ మాటే రాలేదు. అంతా వాళ్లమ్మ వెండి కడియాల గురించి. అవి వదిన దగ్గర ఉన్నాయట, అమ్మ నాకిస్తనన్నది అని ఈమె, నాకు తెల్వదు అని ఆయన. నేను అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తున్నా. చివరికి ఇస్తానన్నాడు. అప్పుడు ఫ్లాట్ మాట పది నిమిషాల్లో తేలిపోయింది, 22 లక్షలు ఆమెకి, రిలీజ్ డీడ్ లేదు, సేల్ డీడ్‌లోనే ఇద్దరూ అమ్మకందారులుగా సంతకం. ఆయన కారు దగ్గరికి వెళ్లాక మెల్లగా అడిగాను, సగం అడగొచ్చు కదమ్మా అని.

"రేపు మా వదిన మొఖం జూడాలె గద సార్" అంది.

ఆమెకి పాన్ కార్డు లేదు, అది నేనే అప్లై చేయించా. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం నాలుగు రోజులు తిరిగా. డెత్ సర్టిఫికెట్లో పెద్దాయన ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉంది, సేల్ డీడ్‌లో ఇంకోలా ఉంది, దానికో అఫిడవిట్.

రిజిస్ట్రేషన్ రోజు ఇంకో తమాషా. పొద్దున 11 గంటలకి వెళ్లాం. ఆమె వేలిముద్ర మిషన్ తీసుకోదు. బీడీలు చేసీ చేసీ వేళ్ల గీతలు అరిగిపోయాయి. కంప్యూటర్ దగ్గర కుర్రాడు తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు, మళ్లీ పెట్టింది, రాలేదు, చీరకి తుడుచుకుని మళ్లీ పెట్టింది, రాలేదు. వెనక లైను పెరుగుతోంది. కొన్నాయన వాచీ చూసుకుంటున్నారు, ఏంటండీ ఆలస్యం అని నన్నే అడుగుతున్నారు. నాలుగోసారికి ఎడమ చేతి బొటనవేలు తీసుకుంది.

సాయంత్రం కమీషన్ మాట వచ్చింది. 68 లక్షల మీద 2 పర్సెంట్ అంటే 1,36,000. ఆయన చాలా మర్యాదగా అన్నారు, "మేం చూసింది ఒక్క ఫ్లాటే కదండీ, అదీ అరగంట. పేపర్లు కూడా నేనే చెక్ చేసుకున్నా. 50 వేలు తీసుకోండి." అదే రోజు పొద్దున గవర్నమెంటుకి స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర పర్సెంట్, 5,10,000 కట్టారు, అక్కడ మాత్రం ఎందుకండీ అనలేదు. ఇంక అమ్మినాయన సంగతా, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు, ఆయన లెక్కలో నావల్ల 20 లక్షలు పోయాయి.

సరే, మీ ప్రశ్నకి వద్దాం. 2 పర్సెంట్ అనేది రెరా చట్టంలో ఎక్కడా లేదు, మార్కెట్ అలవాటు, బేరమాడండి, తప్పులేదు. కానీ ఆ బేరం టోకెన్ ఇవ్వకముందే ఆడండి, కాగితం మీదో కనీసం వాట్సాప్‌లోనో రాయించుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాక ఆడితే దాన్ని బేరం అనరు. "ఓనర్ డైరెక్ట్, నో బ్రోకర్స్" అని చూసి వెళ్లేవాళ్లు కూడా వెళ్లండి, అందులో సగం ఫోన్లు ఎత్తేది మా వాళ్లే. మీ ఏజెంటుని కూర్చోబెట్టి అడగండి: డాక్యుమెంట్‌లో పేరున్నాయన బతికి ఉన్నాడా, లేకపోతే ఆయన పిల్లలు ఎంతమంది, ఆడపిల్లలు ఏ ఊళ్లో ఉన్నారు, నువ్వు వాళ్లతో మాట్లాడావా? ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) కళ్లతో చూశావా, బ్యాంకులో తాకట్టులో ఉన్నాయా? చెప్పగలిగితే 2 పర్సెంట్ తక్కువే. నీళ్లు నమిలితే 2 వేలు కూడా ఇవ్వకండి, ఆటో ఖర్చులిచ్చి పంపించేయండి. నా వృత్తివాళ్లు తిట్టుకున్నా సరే. మా వాళ్లలో చాలామందికి తాళంచెవి తిప్పడం తప్ప ఇంకేం రాదు, ఆ మాట కూడా నిజమే.

ఆయన ఇచ్చిన 50 వేలు తీసుకున్నాననుకోండి, పండగ ముందు ఎవడు వదులుకుంటాడు.

మొన్న కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. మెట్‌పల్లి రోడ్డు వైపు 150 గజాల ప్లాటు చూసుకున్నారట, కాగితాలు చూసిపెట్టు సార్, నీకెంతియ్యాలెనో ముందే చెప్పు అంది. ఈసీ తీశారా అమ్మా అన్నా.

"తీసినం, మంచిగనే ఉందన్నరు. అమ్మేటాయన బాపు సచ్చిపోయిండట సార్. అక్కచెల్లెండ్లు ఎంతమంది అని అడిగిన. రెండు దినాలాయె, ఇంక చెప్తలేడు."

ఆదివారం వెళ్తున్నా.