పనికి వెళ్ళే పిల్లలు బడి మానకుండా ఏ కార్యక్రమం పనిచేస్తుంది? సుగ్గి ఊళ్ళో నా అనుభవం

పత్తి, మిర్చి సీజన్ వస్తే క్లాసులో సగం మంది కనిపించడం లేదని, ఏం చేస్తే వస్తారని అడిగారు. నేను కర్నూలు జిల్లా ఆదోని వైపు ప్రభుత్వ బడిలో పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడ వలసను సుగ్గి అంటారు. పత్తి తీతలయ్యాక మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వెళ్ళిపోతాయి. చాలామంది ఉగాది దాకా తిరిగిరారు.

మొదట్లో నేను తల్లిదండ్రులకు చదువు విలువ చెబితే చాలనుకున్నాను. ఏడో తరగతి అమ్మాయి వారం రోజులుగా రాకపోతే ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మూటలు కడుతోంది. "సదివియ్యల్లనే ఉంది సార్, ఇంటికి తాళమేసి పోతాండాం, పిల్లను యాడ ఇడ్సిపోయేది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకు జవాబు సీజనల్ హాస్టల్. ప్రభుత్వ బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద వలస నెలల్లో నడుపుతారు. మా దగ్గర పగలు పాఠాలు జరిగిన గదుల్లోనే పిల్లలు రాత్రి పడుకునేవారు. మూడు పూటలా తిండి, చూసుకోవడానికి ఒక మనిషి. కానీ తెరిచే తేదీ తప్పితే అంతా వృథా. ఒక ఏడాది అనుమతి ఆలస్యమైంది. మేం తలుపులు తీసేసరికి పిల్లలు మిరప చేలల్లో ఉన్నారు. ఇప్పటికీ బాధేస్తుంది.

మరుసటి ఏడాది దసరా సెలవులు అయిపోగానే, కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీలు అడ్వాన్సులు ఇచ్చే రోజుల్లోనే, ఇల్లిల్లూ తిరిగి ఎవరు వెళ్తున్నారో, ఇంట్లో అవ్వాతాతలు ఉంటారో లేదో రాసుకున్నాం. తల్లులను బడికి పిలిచి పడక, వంట అన్నీ చూపించాం. ఆడపిల్లల తల్లులు అడిగింది ఒక్కటే, రాత్రి ఆడమనిషి తోడుంటుందా అని. ఆదివారం ఫోన్లో మాట్లాడిస్తామని మాటిచ్చి నిలబెట్టుకున్నాం. ఆ ఏడాది చాలామంది పిల్లలు ఊళ్ళోనే ఉండిపోయారు.

డబ్బు సాయం పనికిరాదనను. 2020లో అమ్మఒడి వచ్చినప్పుడు 15,000 రూపాయలు ఎన్నో ఇళ్ళకు ఆసరా అయ్యాయి. అయితే అది ఏడాదికి ఒకసారి వచ్చేది. కోతల్లో పిల్ల చేతిసాయం ఏ రోజుకారోజు తూకంలో కనిపిస్తుంది. మధ్యాహ్న భోజనం కూడా ఊళ్ళో ఉన్న పిల్లలకే కదా అందేది.

మీది సీడు పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పత్తి పూలను చేత్తో సంకరం చేసే పని) జరిగే ప్రాంతమైతే సంగతి వేరు. అక్కడ పిల్లలు సాయంత్రానికి ఇంటికి వస్తారు కాబట్టి రాత్రి బడి పెడదామని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి వద్దు. పొద్దంతా ఎండలో నిలబడి పూలు గిల్లిన పిల్లకు రాత్రి ఏం ఎక్కుతుంది? రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పనిలో ఉన్న పిల్లలను పూర్తిగా మాన్పించి, శిబిరాల్లో ఉంచి చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. బడి మానేసి చాలాకాలమైన పిల్లలకు నాకు తెలిసిన సరైన దారి అదే.

ఇంకో మాట. సుగ్గికి వెళ్ళిన పిల్లల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేయకండి. మా బడిలో తిరిగొచ్చిన రోజు పేరు పిలవగానే "వచ్చినా సార్" అన్న పిల్లాడి ముఖం నాకింకా గుర్తుంది.

మీ ఊళ్ళో మేస్త్రీలు ఏ నెలలో అడ్వాన్సు ఇస్తారో రాయండి. హాస్టల్ కోసం ఎప్పుడు అడగాలో దాన్నిబట్టి చెప్తాను.