మెయిల్ ఫోన్‌కి రాలేదు, ఇంటర్వ్యూ తప్పిపోయింది

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతోనే ఉద్యోగాలకు అప్లై చేస్తున్నాను. ఇంట్లో కంప్యూటర్‌లో అవుట్‌లుక్‌లో ఆ మెయిల్‌ను అన్నయ్య సెట్ చేశాడు. ఆ కంప్యూటర్ రోజూ వాడేది తనే. ఫోన్‌లో మాత్రం నేనే పెట్టుకున్నాను. ఈమధ్య ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఆ మెయిల్ ఫోన్‌లో ఎక్కడా లేదు, స్పామ్‌లో కూడా లేదు. నాలుగు రోజుల తర్వాత కంప్యూటర్‌లో చూస్తే కనిపించింది, అప్పటికే తేదీ దాటిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు ఫోన్‌దా? కొత్త ఐడీ తెరవాలా?

జవాబు: ముందుగా, ఇది చదవడం ఆపి ఆ కంపెనీకి రాయండి. వాళ్ళు పంపిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. మెయిల్ ఆలస్యంగా చూశానని, అందుకు క్షమించమని, వీలుంటే మరో తేదీ ఇవ్వమని మూడు వాక్యాల్లో అడగండి. సర్వర్ గురించి, అన్నయ్య గురించి కథ వద్దు. తేదీ మార్చి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, అడగకుండా వదిలేయకండి.

ఇక అసలు విషయం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి తప్పు ఫోన్‌ది కాకపోవచ్చు. కంప్యూటర్‌లో మెయిల్‌ను 'పాప్' పద్ధతిలో సెట్ చేసి ఉంటారని నా అంచనా. మెయిల్ తెచ్చుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. మనకు వచ్చే మెయిల్స్ ముందుగా చేరే పెద్ద కంప్యూటర్‌నే సర్వర్ అంటారు. పాప్‌లో మీ కంప్యూటర్ ఆ సర్వర్ దగ్గరికి వెళ్ళి, వచ్చిన ఉత్తరాలన్నీ దించుకుంటుంది. సర్వర్‌లో కాపీ ఉంచమని మనం చెప్పకపోతే అక్కడివి చెరిపేస్తుంది కూడా. ఒక్క కంప్యూటరే ఉన్న రోజుల్లో, నెట్ గంటల లెక్కన వాడుకున్న కాలంలో అది బాగానే పనిచేసింది. రెండోది 'ఐమ్యాప్'. ఇందులో ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది. ఫోనూ కంప్యూటరూ రెండూ అక్కడికే వెళ్ళి చూస్తాయి. ఒకచోట చదివితే రెండోచోట కూడా చదివినట్టు కనిపిస్తుంది, ఒకచోట చెరిపితే రెండోచోట కూడా పోతుంది. అన్నయ్య కంప్యూటర్ తెరవగానే అవుట్‌లుక్ మీ పిలుపును దించుకుని ఉంటుంది. ఆ తర్వాత మీ ఫోన్ వెళ్ళి చూస్తే సర్వర్‌లో ఏమీ లేదు. అన్నయ్యను ఏమీ అనకండి, ఈ తేడా చాలామందికి తెలియదు.

అవుట్‌లుక్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిస్తే మీ ఐడీ పక్కన పాప్ అనో ఐమ్యాప్ అనో రాసి ఉంటుంది. పాప్ అయితే వెంటనే ఆ అకౌంట్‌ను తీసేయకండి. ఇక్కడ చాలామంది నష్టపోతారు. ఇన్నాళ్ళూ దిగిన మెయిల్స్ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి, సర్వర్‌లో లేవు. అకౌంట్ తీసేసి, ఆ మెయిల్స్ ఉన్న ఫైల్ కూడా పోతే మళ్ళీ తెచ్చుకునే దారి ఉండదు. ముందు ఆ పాప్ అకౌంట్‌లో సర్వర్‌లో కాపీ ఉంచమనే ఆప్షన్ ఆన్ చేయండి. తర్వాత అదే ఐడీని ఐమ్యాప్‌గా మరోసారి జోడించండి. పాత మెయిల్స్‌ను కొత్త అకౌంట్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే అవి సర్వర్‌కి చేరతాయి, ఫోన్‌లో కూడా కనిపిస్తాయి. అన్నీ వచ్చాయని చూసుకున్నాకే పాప్ అకౌంట్ తీసేయండి.

ఐమ్యాప్‌గా జోడించేటప్పుడు అవుట్‌లుక్ వివరాలు అడిగితే యూజర్‌నేమ్ దగ్గర సాధారణంగా పూర్తి మెయిల్ ఐడీ ఇవ్వాలి. పోర్ట్ అని నంబర్ అడిగే చోట ఐమ్యాప్‌కి 993, పంపడానికి వాడే ఎస్‌ఎమ్‌టీపీకి 587 లేదా 465. సర్వర్ పేర్లు మాత్రం కాలేజీ ఐటీ విభాగాన్నే అడగండి. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఒప్పుకోకపోతే, ఆ ఐడీకి రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో రుజువు అడగడం) ఉందేమో చూడండి. కొన్ని సర్వీసుల్లో అలాంటప్పుడు బయటి యాప్‌లకు మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, ఆ యాప్ కోసమే విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

కొత్త ఐడీ గురించి అడిగారు. తప్పకుండా తెరవండి. మెయిల్ పోతుందన్న భయంతో మాత్రం కాదు. కాలేజీ ఐడీ కాలేజీది. చదువు అయిపోయాక దాన్ని ఎప్పుడు మూసేయాలో వాళ్ళ ఇష్టం. మీరు ఇప్పుడు పంపిన అప్లికేషన్‌కి ఆరు నెలల తర్వాత జవాబు రావచ్చు. అది మూసేసిన తలుపు దగ్గరికి రాకూడదు. జీమెయిల్ లాంటి చోట మీ పేరుతోనే ఒకటి తీసుకోండి. ఫోన్‌లో చెబితే అవతలివాళ్ళు తప్పు లేకుండా రాసుకోగలగాలి. పుట్టిన సంవత్సరం, ముద్దుపేర్లు వద్దు. మీ పేరు దొరక్కపోతే ఇంటిపేరు కలపండి. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే ఐడీ, కాబట్టి చుక్క మార్చి కొత్తది తీసుకోవడం కుదరదు. కాలేజీ ఐడీని వెంటనే వదిలేయకండి. కాలేజీ ఒప్పుకుంటే దానికి వచ్చేవి కొత్తదానికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకోండి. ఇప్పటికే అప్లై చేసిన చోట్ల ప్రొఫైల్‌లో ఐడీ మార్చండి.

కొత్త ఐడీ తెరిచిన రోజే రికవరీ నంబర్, రికవరీ మెయిల్ ఇవ్వండి. ఆ నంబర్ మీదే అయి ఉండాలి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి తమ ఐడీ ఎవరు తెరిచారో, ఏ నంబర్‌కి ఓటీపీ వెళుతుందో కూడా తెలియదు. సిమ్ మార్చాక సరిగ్గా ఫలితాల రోజే మెయిల్ తెరుచుకోక ఏడుస్తారు. చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అది పది నిమిషాల్లో అయిపోయే పని. గూగుల్ రెండంచెల భద్రతతో పాటు, ఓటీపీ రానప్పుడు వాడుకోవడానికి 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టండి, ఫోన్‌లో మాత్రం వద్దు. ఫోన్ పోయిన రోజే వాటి అవసరం పడేది.

ఫోన్‌లో ఇంకో చిన్న సంగతి ఉంది. మెయిల్ యాప్‌లో ఆ అకౌంట్‌కి సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ యాప్‌లను నిద్రపుచ్చితే నోటిఫికేషన్ గంటల తరబడి ఆలస్యం కావచ్చు, కాబట్టి మెయిల్ యాప్‌కి ఆ ఆంక్ష తీసేయండి. స్పామ్ ఫోల్డర్‌ను కూడా రెండు రోజులకోసారి తెరవండి. జీమెయిల్‌లో అక్కడివి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. లైబ్రరీలోనో స్నేహితుల కంప్యూటర్‌లోనో తెరవాల్సి వస్తే ప్రైవేట్ విండోలో తెరిచి, పనయ్యాక సైన్ అవుట్ అవ్వండి.

అంతా పెట్టుకున్నాక ఫ్రెండ్‌తో రెండు ఐడీలకూ ఒక్కో మెయిల్ పంపించుకోండి. ముందు కంప్యూటర్‌లో తెరిచి చదవండి. తర్వాత ఫోన్ తీయండి. రెండు మెయిల్సూ అక్కడ ఉండాలి, చదివినట్టు కూడా కనిపించాలి. కాలేజీ ఐడీది ఫోన్‌లో లేకపోతే ఇంకా ఎక్కడో పాప్ మిగిలి ఉందని అర్థం. ఈసారి అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని వెతకండి, ఇద్దరికీ తెలుస్తుంది.