బ్యాటరీ కింద ఆరని తడి కనిపిస్తే

బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కింది ట్రేలో తడి కనిపించిందనీ, దాన్ని గుడ్డతో తుడిచేసి కారు నడుపుకోవచ్చా అనీ మీరు అడిగారు. దయచేసి తుడవకండి, ఇంజిన్ కూడా స్టార్ట్ చేయకండి. సరిగ్గా ఇలాంటి పరిస్థితిలోనే నేను తొందరపడి ఒక పాత గుడ్డతో తుడిచేశాను. చేతికి ఏమీ కాలేదు గానీ, ఆ రోజు వేసుకున్న నూలు ప్యాంటును ఉతికి ఆరేసినప్పుడు తొడ భాగంలో ఆవగింజంత చిల్లులు ఏడెనిమిది కనిపించాయి. వేలితో లాగితే వాటి అంచులు పొడిపొడిగా రాలాయి. ఆ చుక్కల్లో ఒక్కటి కంట్లో పడి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయం వేస్తుంది.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది నీరు కలిసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. కారిన చుక్కలోని నీరు ఆవిరైపోతుంది గానీ ఆమ్లం అంత తేలిగ్గా పోదు, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువల్ల కారును ఎండలో నిలిపినా ఆ మరక జిడ్డుజిడ్డుగా అలాగే ఉంటుంది. మా కారు ట్రేలో వారం రోజులుగా ఆరని ఆ తడిని నేను వాన నీరే అనుకున్నాను. సందేహం ఉంటే దానిపై చిటికెడు వంట సోడా చల్లి చూడండి. బుసబుసమని పొంగితే అది ఆమ్లమే.

ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, అది గాలిలో 4 శాతం చేరినా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. కాబట్టి బానెట్ తెరిచి గాలి ఆడనివ్వండి, దగ్గరలో సిగరెట్, అగ్గిపుల్ల ఏదీ వద్దు. బ్యాటరీ వేడెక్కినా, ఉబ్బినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా దాన్ని ముట్టుకోకుండా దూరంగా జరిగి మెకానిక్‌ను పిలవండి, ఎందుకంటే ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది, దానికి ముక్కు త్వరగా మొద్దుబారి, వాసన పోయిందని మనం పొరపడే ప్రమాదం ఉంది.

అవేవీ లేకపోతే కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టి, ముందు నెగటివ్ వైరును విప్పండి. పాజిటివ్‌ను ముందు విప్పబోతే స్పానర్ కారు బాడీకి తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. బ్యాటరీని వంచకుండా నిలువుగా ఎత్తి ప్లాస్టిక్ టబ్బులో పెట్టండి. ట్రేలో నురగ రావడం ఆగే వరకు సోడా చల్లండి. అయితే బ్యాటరీ మూతల్లోంచి అది లోపలికి పోకూడదు. ఆ ముద్దలో సీసం ఉండవచ్చు గనుక కాలువలో పారబోయకుండా ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తి, పాత బ్యాటరీతో పాటే దుకాణానికి అప్పగించండి.

చర్మంపై పడితే తడిసిన బట్టలు విప్పేసి కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే రెప్పలు విడదీసి అంతే సేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కంటికి, చర్మానికి సోడా మాత్రం వాడకూడదు.

ఇక అసలు కారణం సంగతి. పెట్టె పగలడం, బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే క్లాంపును మరీ బిగించడం, డిస్టిల్డ్ వాటర్‌ను అంచు దాకా నింపడం వల్ల కూడా కారుతుంది. నా విషయంలో దుకాణదారు బ్యాటరీ పాతబడిందని తేల్చేశాడు. మనసొప్పక, కొత్తది బిగించాక ఇంజిన్ నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టించాను; సాధారణంగా 14 వోల్టుల చుట్టుపక్కల ఉండవలసింది 15.6 చూపింది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడిపోయి, అతిగా ఛార్జ్ చేస్తూ ఆమ్లాన్ని పొంగించిందన్నమాట. రెగ్యులేటర్ మార్చాక 14.2 వచ్చింది, ట్రే అప్పటి నుంచీ పొడిగానే ఉంది. మీరు కూడా కొత్త బ్యాటరీ పెట్టించుకుంటే, ఆ రీడింగ్ చూడకుండా బానెట్ మూయనివ్వకండి.