టీబీ వార్డు నిండితే ఆ ప్రాంతంలో జబ్బు పెరిగినట్టేనా?

విశాఖ వైపు ఆసుపత్రుల్లో టీబీ అడ్మిషన్లు వేసవిలో ఎక్కువ, అందులోనూ ఏజెన్సీ వాళ్లు ఎక్కువ, అంటే అక్కడ ఆ నెలల్లో జబ్బు ఎక్కువగా అంటుకుంటోందా అని అడిగారు. అలా నేరుగా అనుకోకండి. ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ ఛాతీ వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, అడ్మిషన్ రిజిస్టర్ రాసింది మేమే.

టీబీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది అసలు ఆసుపత్రిలో చేరరు, ఇంటి దగ్గరే మాత్రలు వేసుకుంటారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో తెరిచిన రోజుల్లో నెలల తరబడి అక్కడ ఉండటమే వైద్యం. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే బాగా నయమవుతుందని, ఇంట్లోవాళ్లకు దానివల్ల అదనంగా ముప్పేమీ లేదని తేల్చాక ఆ పద్ధతి మారిపోయింది. ఇప్పుడు వార్డుకి వచ్చేది దగ్గితే నెత్తురు పడేవాళ్లు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఆయాసపడేవాళ్లు, జబ్బు మెదడుకి పాకినవాళ్లు, మాత్రలు పడక కామెర్లు వచ్చినవాళ్లు. వీళ్లలో చాలామంది ఆలస్యంగా వచ్చినవాళ్లే.

కాలం ప్రభావం లేదనను. ఉత్తర భారతంలో కేసులు ఏప్రిల్ నుంచి జూన్ మధ్య ఎక్కువగా బయటపడతాయని అధ్యయనాల్లో తేలింది, చలికాలంలో తలుపులు మూసుకుని ఒకే గదిలో ఉండటం, ఎండ తగలకపోవడం కారణాలు కావచ్చంటారు. దక్షిణాదిలో ఆ తేడా అంతగా కనిపించలేదు. మా వార్డు మాత్రం జనం తీరికను బట్టి నిండేది. సంక్రాంతి ముందు ఎంత బతిమాలినా చేరేవాళ్లు కాదు, పండగ వెళ్లగానే మంచాలు చాలేవి కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, పడవ మీద దగ్గుతూనే నెట్టుకొచ్చిన మత్స్యకారులు అప్పుడు వచ్చేవాళ్లు. వానాకాలంలో ఏజెన్సీ నుంచి రాక తగ్గేది. గెడ్డలు పొంగితే కొండ మీద గూడెం నుంచి రోగిని డోలీలో దింపడం కూడా కష్టం, అంతేగానీ అక్కడ జబ్బు తగ్గి కాదు.

ఊళ్ల సంగతీ అంతే. ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి నుంచి వచ్చినవాళ్లు కూడా చాలాసార్లు విశాఖలో చుట్టాల ఇంటి చిరునామా రాయించేవాళ్లు, అది చూస్తే నగరం కేసే అనిపిస్తుంది.

2020 చూడండి. దేశంలో నమోదైన కేసులు అంతకుముందు ఏడాది 24 లక్షలుంటే ఆ ఏడాది 18 లక్షలకు పడిపోయాయి. జబ్బు తగ్గలేదు, జనం రాలేకపోయారు, లాక్‌డౌన్ తర్వాత మాకు వచ్చినవాళ్లలో ఎముకల గూడులా అయిపోయినవాళ్లను చూసి ఏడుపొచ్చేది.

కాబట్టి జిల్లాలను పోల్చాలంటే టీబీ కేసులు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ నిక్షయ్‌లో రోగి ఉండే ఊరి ప్రకారం ఉన్న నమోదులు చూడండి. కాలం సంగతి కావాలంటే అడ్మిషన్ తేదీ ఒక్కటే సరిపోదు, కేసు షీటులో దగ్గు ఎన్నాళ్లుగా ఉందో రాసి ఉంటుంది, అది తీసుకుని వెనక్కి లెక్కేయండి. రోడ్డు లేని ఊళ్లకీ టౌన్‌కీ మధ్య ఆ ఆలస్యం ఎంత తేడాగా ఉంటుందో మీకే కనిపిస్తుంది, అధికారులకు చూపించాల్సింది ఆ తేడానే.