కంప్యూటర్ సందేహాలు: విండో మూస్తే ఫైలు మూసినట్టేనా?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. తక్‌పట్టీల (సరుకు తూకం, ధర రాసే చీటీల) వివరాలను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే ప్రోగ్రాంలో ఎక్కిస్తాం. ఫైలు నా కంప్యూటర్‌లో ఉంటుంది, లోపలి గదిలోని కంప్యూటర్ నుంచి కూడా దానినే తెరుస్తారు. రాత్రి అన్నీ మూసి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడు అదే పేరుతో, తాళం బొమ్మతో మరో చిన్న ఫైలు కనిపిస్తోంది. పైగా చివర ఎక్కించిన పట్టీ ఒక్కోసారి మర్నాటికి ఉండడం లేదు. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు మూయవలసినవి మూడు: ఫారం (పట్టీలు ఎక్కించే తెర), డేటాబేస్ (వివరాలన్నీ ఉండే ఫైలు), ప్రోగ్రాం (యాక్సెస్). ఫారానికి చెందిన చిన్న ఎక్స్ గుర్తును నొక్కితే ఫారం ఒక్కటే పోతుంది, డేటాబేస్ తెరిచే ఉంటుంది. ఫైల్ మెనూలోని ‘క్లోజ్’ అన్నది డేటాబేస్‌ను మూసి, ప్రోగ్రాంను ఖాళీగా నిలుపుతుంది. అన్నిటికంటే పైన, కుడి మూలనున్న ఎక్స్ గుర్తు రెండింటినీ కలిపి మూస్తుంది. ఆల్ట్ మీటతో పాటు ఎఫ్4 నొక్కినా అంతే.

తాళం బొమ్మ ఫైలును చూసి భయపడనక్కరలేదు. డేటాబేస్‌ను పలువురు వాడే పద్ధతిలో తెరిచినప్పుడు యాక్సెస్ దానిని తానే సృష్టించి, ఏయే కంప్యూటర్లు వాడుతున్నాయో అందులో రాసుకుని, చివరివారు మూసిన తరువాత తానే తొలగిస్తుంది. అది మిగిలి ఉందంటే, బహుశా లోపలి గదిలో విండోను మూయకుండా కిందికి దించి వదిలేసి ఉంటారు. టాస్క్‌బార్‌లో యాక్సెస్ గుర్తు ఉందేమో అక్కడికి వెళ్లి చూడండి. రెండు చోట్లా మూసినా అది పోకపోతే, కరెంటు పోయి ప్రోగ్రాం అర్ధంతరంగా ఆగిపోయి ఉండవచ్చు, లేదా ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు తొలగించే అనుమతి లోపలి కంప్యూటర్‌కు లేకపోవచ్చు. ఎవరూ వాడడం లేదని నిర్ధారించుకున్న తరువాతే దానిని తొలగించాలి. అది ఉండగా చేసిన కాపీని నమ్మవద్దు, ఎందుకంటే సగం రాసిన సమాచారం కాపీలోకి చేరే ప్రమాదముంది.

పట్టీ మాయం కావడం వేరే సంగతి. యాక్సెస్‌లో ఎంట్రీలు వర్డ్‌లో మాదిరిగా ఫైలంతా ఒకేసారి సేవ్ కావు. ఒక ఎంట్రీ నుంచి మరో ఎంట్రీకి వెళ్లినప్పుడో, ఫారం మూసినప్పుడో ఆ ఎంట్రీ దానంతటదే సేవ్ అవుతుంది. ఎడమ పక్క పెన్సిల్ గుర్తు కనిపిస్తున్నంతసేపు అది ఇంకా సేవ్ కాలేదని అర్థం. ఇక తప్పనిసరిగా నింపవలసిన గడి, ఉదాహరణకు తూకం, ఖాళీగా ఉండగా ఫారం మూస్తే, ఈ రికార్డును సేవ్ చేయలేము, అయినా మూయమంటారా అని యాక్సెస్ అడుగుతుంది. ఇంటికి వెళ్లే తొందరలో చదవకుండా యెస్ నొక్కితే ఆ పట్టీ పోయినట్టే. మీ దుకాణంలో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. నో నొక్కి ఖాళీ గడిని నింపి, షిఫ్ట్ మీటతో ఎంటర్ నొక్కండి. పెన్సిల్ గుర్తు పోయాకే మూయండి.

కరెంటు పోయిన తరువాత ఫైలు సరిగా తెరుచుకోకపోతే, రెండు కంప్యూటర్లలోనూ యాక్సెస్ మూసి, ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టి, ఆ తరువాతే డేటాబేస్ టూల్స్‌లో ఫైలును బాగుచేసే ‘కాంపాక్ట్ అండ్ రిపేర్’ను వాడండి.