అద్దె తక్కువని రాష్ట్రం మారొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. మా అబ్బాయికి 27 ఏళ్లు. ఐటీఐ ఫిట్టర్ చేశాడు. ఆరేళ్లుగా బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) ఆపరేటర్‌గా ఉన్నాడు. పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 18,500 వస్తుంది. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. అద్దె, కరెంటు, నీళ్లు కలిపి 8,500 అవుతోంది. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. తమిళనాడు వైపు హోసూరులో 5,000కే ఇల్లు దొరుకుతుందట. అక్కడ ఒక కాంట్రాక్టరు 16,000 ఇస్తానన్నాడు. మా అబ్బాయి స్నేహితులేమో తడ దగ్గరి శ్రీసిటీ పారిశ్రామికవాడకు వచ్చేయమంటున్నారు. రామాయపట్నంలో పోర్టు, రిఫైనరీ అంటున్నారు కదా, అసలు ఇంటికే వచ్చేయమని చెప్పమంటారా? మా కోడలు ఇంటర్ చదివింది, ఇంట్లోనే ఉంటుంది.

జవాబు: ముందు హోసూరు లెక్క చూద్దాం. ఆ 5,000లోనే కరెంటు, నీళ్లు వస్తాయనుకున్నా ఇంటి ఖర్చులో 3,500 తగ్గుతుంది, జీతంలో 2,500 తగ్గుతుంది. అంటే నెలకు మిగిలేది 1,000. ఆ వెయ్యి కోసం సామాను లారీకి ఎక్కించాలి, కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి. బెంగళూరు ఓనరు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలే. మొదటి ఏడాది మిగులంతా ఈ ఖర్చులకే పోతుంది. ఇంకో సంగతి, ఇప్పుడు వస్తున్న 18,500లో ఓవర్‌టైమ్ ఎంత ఉందో మీరు రాయలేదు. కాంట్రాక్టరు చెప్పిన 16,000 ఎనిమిది గంటలకా, పన్నెండు గంటలకా అన్నదీ తెలియదు. చట్టం ప్రకారం వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు కట్టివ్వాలి. పన్నెండు గంటలు పని చేయించుకుని, అంతా కలిపి 16,000 అంటే మాత్రం గంట లెక్కన జీతం ఇంకా తగ్గినట్టే.

అలాగని హోసూరు చెడ్డదని నేననను. మెషినింగ్ పనికి అది మంచి ఊరు. టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్ ఫ్యాక్టరీలు అక్కడున్నాయి. వాటికి విడిభాగాలు చేసి పంపే చిన్న షాపులు చుట్టూ బోలెడు. తెలుగు మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఉన్న ఊరు కాబట్టి మీ కోడలికి కూరగాయల బండి దగ్గర కూడా భాష ఇబ్బంది ఉండదు. ఊరు బాగుంది, వచ్చిన ఆఫర్ బాగోలేదు. మీ అబ్బాయి ఈ రెండింటినీ కలిపేసి చూస్తున్నాడని నాకు అనిపిస్తోంది.

అద్దె తక్కువున్న చోట జీతాలూ తక్కువే ఉంటాయి. కనీస వేతనం ప్రతి రాష్ట్రంలోనూ వేరు, ఒకే రాష్ట్రంలో కూడా పెద్ద ఊరికి ఒక రేటు, చిన్న ఊరికి ఒక రేటు పెట్టడం ఉంది. అందుకే ఊరు మారేవాళ్లకు అద్దె కంటే ముందు ఒక ప్రశ్న వేస్తాను. వెళ్లిన చోట ఈ కంపెనీ రేపు తీసేస్తే, అదే పని ఇచ్చే కంపెనీలు ఇంకెన్ని ఉన్నాయి? ఇల్లు ఖాళీ చేయకుండా, బస్సులోనో బైక్ మీదో వెళ్లగలిగే దూరంలో కనీసం పదైనా ఉండాలి. ఒక్క ఫ్యాక్టరీని నమ్ముకుని పెళ్లాంపిల్లలతో దిగినవాడికి, ఆ ఫ్యాక్టరీ ఆర్డర్లు తగ్గిన రోజు అద్దె ఎంత చవకైనా భారమే.

ఇప్పుడు మీ అబ్బాయి పని గురించి. ఆరేళ్ల తర్వాత కూడా ఆపరేటర్‌గానే ఉన్నాడంటే నాకు అద్దె కంటే అదే ఎక్కువ దిగులుగా ఉంది. జాబ్ (చెక్కాల్సిన ముక్క) మెషిన్‌కు బిగించి, బటన్ నొక్కి, కొలతలు చూసి తీసేసేవాడు ఆపరేటర్. డ్రాయింగ్ చదివి, టూల్ మార్చి, ఆఫ్‌సెట్ (టూల్ కొలత సవరణ) వేసి, మొదటి పీసు ఓకే చేసి ఇచ్చేవాడు సెట్టర్. ప్రోగ్రామ్ రాసేవాడు వాళ్ల పైన. ఏ రాష్ట్రానికి వెళ్లినా సెట్టర్‌ను కంపెనీ తన రోల్స్‌లోకి, అంటే సొంత ఉద్యోగిగా, తీసుకోవడానికి చూస్తుంది, ఆపరేటర్‌ను కాంట్రాక్టరు చేతికి వదిలేస్తుంది. హోసూరు కాంట్రాక్టరు 16,000 దగ్గర ఆగడానికి కారణం ఇదే.

సెట్టింగ్ నేర్చుకోవడానికి మీ అబ్బాయి ఉన్న పీణ్యా కంటే మంచి చోటు మన చుట్టుపక్కల లేదు. చిన్నా పెద్దా కలిపి వేల యూనిట్లు. పెద్ద ఫ్యాక్టరీలో ఒకడిని ఒకే మెషిన్ మీద ఏళ్ల తరబడి ఉంచుతారు. నలుగురైదుగురు పనిచేసే షాపులో సెట్టర్ సెలవు పెడితే ఆ రోజు ఆపరేటరే చేయి పెట్టాల్సి వస్తుంది. అలాంటి రోజుల్లోనే పని వస్తుంది. ఇప్పుడున్న చోట సెట్టర్ పక్కన నిలబడనివ్వకపోతే, పీణ్యాలోనే నేర్పే షాపుకు మారమనండి, జీతం అంతే ఉన్నా ఫర్వాలేదు. రాజాజీనగర్‌లో కర్ణాటక ప్రభుత్వ టూల్ రూమ్ ట్రైనింగ్ సెంటర్ ఉంది, అందరూ జీటీటీసీ అంటారు. పీణ్యాకు దగ్గరే. సీఎన్‌సీ ప్రోగ్రామింగ్‌కు పొట్టి కోర్సులు నేర్పుతారు. షిఫ్టు చూసుకుని వెళ్లి అడగమనండి. బెంగళూరు వదిలాక అలాంటి అవకాశం అంత దగ్గరలో దొరకడం కష్టం.

కాబట్టి నా సలహా ఇది. ఈ ఏడాది కదలొద్దు. ఒక ఏడాది గట్టిగా పట్టుకుంటే సెట్టర్ అవుతాడు. ఆ తర్వాత కదలడం వేరు, ఇప్పుడు కదలడం వేరు.

ఇక శ్రీసిటీ. అక్కడ ఇసుజు, ఆల్‌స్టమ్, డైకిన్, బ్లూస్టార్ లాంటివి ఉన్నాయి, పక్కనే చిన్నపాండూరులో అపోలో టైర్స్ ఉంది. పని ఉంది, నిజమే. కానీ ఐటీఐ కుర్రాళ్లను ఎక్కువగా తీసుకునేది అసెంబ్లీ లైన్లకు. ఏసీకి స్క్రూలు బిగించే లైన్లో రెండేళ్లు నిలబడితే, ఆరేళ్లు మెషిన్ మీద వచ్చిన చేయి పోతుంది. పైగా చాలా పోస్టులు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంటాయి. మీ అబ్బాయి స్నేహితులు ఏ డిపార్ట్‌మెంటులో ఉన్నారో అడగండి. మెషిన్ షాపు, టూల్ రూమ్, మెయింటెనెన్స్ అంటే వినదగ్గ మాట. లైన్ అంటే వద్దు.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. శ్రీసిటీ వైపు వస్తే సూళ్లూరుపేటలో ఇల్లు తీసుకోవచ్చు. అక్కడి నుంచి తడ, శ్రీసిటీ ఒక పక్క. చెన్నై లోకల్ రైలు సూళ్లూరుపేట దాకా వస్తుంది కాబట్టి, అదే రైల్లో తమిళనాడులోని గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడకు వెళ్లి పని చేయొచ్చు. అంటే ఉండేది మన రాష్ట్రంలో, పని మాత్రం రెండు రాష్ట్రాల్లో ఎక్కడ బాగుంటే అక్కడ. పైన అడిగిన పది కంపెనీల ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. కావలికి నేరుగా రైలుంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం అన్నానికి మీ ఇంట్లో ఉంటాడు. హోసూరు విషయంలోనూ ఇలాంటి వీలే ఉంది. హోసూరులో ఉంటూ అత్తిబెలె, బొమ్మసంద్రలో కర్ణాటక జీతానికి పని చేసేవాళ్లు ఉన్నారు. పీణ్యా మాత్రం బెంగళూరుకు ఆ చివర కాబట్టి హోసూరు నుంచి రోజూ తిరగడం అయ్యే పని కాదు.

ఈ రెండింటిలో ఏది అని తేల్చాల్సింది మీరు కాదు, నేనూ కాదు. మీ ఉత్తరంలో కోడలు ఇంటర్ చదివిందని రాశారు కానీ ఆమె ఏమంటుందో ఒక్క ముక్క లేదు. శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో పనిచేసేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ, చుట్టుపక్కల ఊళ్లకు కంపెనీ బస్సులు తిరుగుతాయి. ఆమెకు పని చేయాలని ఉంటే, ఇంట్లోకి రెండో జీతం వస్తుంది. అద్దెలో మిగిలే 3,500 దాని ముందు ఎంత? 50 మంది, లేదా అంతకు మించి పనిచేసే చోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలని చట్టం చెబుతోంది. ఉందా, పాపను ఉంచుకుంటారా అని చేరేముందే అడగాలి. షిఫ్టు డ్యూటీ, చిన్నపిల్ల కలిస్తే ఇంట్లో ఇంకో పెద్దదిక్కు కావాలి. ఆ మొదటి నెలల్లో మీ ఆవిడ వెళ్లి ఉండగలదా అన్నది మీరు మాట్లాడుకోండి. కోడలికి బయటి పని ఇష్టం లేకపోతే, మెషినింగ్ షాపులు ఎక్కువున్న హోసూరే నా ఓటు. అది కూడా కంపెనీ రోల్స్‌లో, ఇప్పటి జీతానికి తగ్గకుండా దొరికితేనే.

పాప చదువు కూడా చూడాలి. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి. మన రాష్ట్రంలో కాలేజీ సీట్లకు, ప్రభుత్వ ఉద్యోగాలకు లోకల్ అభ్యర్థి అవునా కాదా అన్నది పిల్లలు వరుసగా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుస్తారు. ఆంధ్రకు తిరిగి రావాలన్న ఆలోచన ఉంటే పాప ఒకటో తరగతిలో చేరేలోపు ఎక్కడ స్థిరపడాలో అనుకోండి. ఇంకా మూడేళ్ల టైముంది, ఇప్పుడే టెన్షన్ పడక్కర్లేదు.

రామాయపట్నం గురించి మీ ఆశ నాకు అర్థమవుతుంది. కొడుకు ఇంటి దగ్గరుంటే ఎవరికి ఇష్టం ఉండదు? కానీ పోర్టు, రిఫైనరీ కట్టేటప్పుడు కావాల్సింది వెల్డర్లు, రిగ్గర్లు, ఫ్యాబ్రికేషన్ ఫిట్టర్లు, స్కాఫోల్డింగ్ వాళ్లు. కట్టడం అయిపోగానే ఆ పని అయిపోతుంది, తర్వాత నడపడానికి కావాల్సిన మనుషులు తక్కువ. సీఎన్‌సీ వచ్చినవాడికి అక్కడ నేరుగా పని లేదు. మీ ఊళ్లో ఇప్పుడు ఐటీఐలో చేరబోయే కుర్రాడెవరైనా ఉంటే వెల్డర్ ట్రేడు తీసుకోమనండి, వాడికి పనికొస్తుంది. పోర్టులో ఉద్యోగం వేయిస్తాం, డబ్బు కట్టండి అని ఎవరైనా వస్తే ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

కదిలే రోజు వచ్చినప్పుడు చేయాల్సినవి కొన్ని. మొదట అతనొక్కడే వెళ్లి, షేరింగ్ రూములో ఉండి, రెండు జీతాలు బ్యాంకులో పడ్డాక ఇల్లు మార్చాలి. పాత షాపు నుంచి అనుభవ పత్రం తీసుకునేటప్పుడు ఏ మెషిన్లు, ఏ కంట్రోల్ (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) మీద పని చేశాడో అందులో రాయించుకోవాలి. ఊరికే 'మా దగ్గర పని చేశాడు' అంటే దానికి విలువ లేదు. బైక్ కర్ణాటక నంబరైతే అక్కడి ఆర్టీఓ దగ్గర ఎన్ఓసీ తీసుకోవాలి, కొత్త రాష్ట్రంలో 12 నెలలు దాటితే అక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈఎస్ఐ నంబరు దేశమంతా ఒకటే, కొత్త కంపెనీకి అదే ఇవ్వాలి. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ ఆగిపోతుంది. కొత్త ఆఫర్ 21,500 అని సంబరపడే ముందు ఇంటిల్లిపాది వైద్యం ఖర్చు ఎవరిదో కంపెనీని అడగాలి.

పీఎఫ్ గురించి కాస్త గట్టిగా చెబుతున్నాను. ఊరు మారేటప్పుడు చాలామంది పిల్లలు పీఎఫ్ తీసేసి అడ్వాన్సుకో బండికో పెట్టేస్తారు. మీ అబ్బాయికి ఆరేళ్ల సర్వీసు ఉంది. పదేళ్లు నిండితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటే ఆ ఆరేళ్లు లెక్కలోంచి పోయి, మళ్లీ సున్నా నుంచి మొదలు. పాత యూఏఎన్ నంబరే (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీలో ఇచ్చి, పాత ఖాతా అందులోకి ట్రాన్స్‌ఫర్ పెట్టమనండి. కాంట్రాక్టరు కింద చేరితే, అతను జీతంలో కోసిన పీఎఫ్ నిజంగా కడుతున్నాడో లేదో ఫోన్లో పాస్‌బుక్ తెరిచి నెలనెలా చూసుకోమనండి.