కాబ్రాలెస్‌కి ఎర్ర వైన్ పడదు

ప్రశ్న: ఉద్యోగాల కోసం మాడ్రిడ్ వచ్చాం. వచ్చే శనివారం మావారి ఆఫీసు వాళ్లు ఇంటికి వస్తున్నారు. చీజ్, వైన్ పెడదామని ఒక రియోహా రిసర్వా ఎర్ర వైన్ సీసా, కాబ్రాలెస్ చీజ్ కొని ముందుగా మేమే రుచి చూశాం. విడివిడిగా రెండూ బాగున్నాయి, కలిపితే నోరంతా చేదు. లోపం ఎక్కడ? వచ్చేవాళ్లలో ఇద్దరు మనవాళ్లే, శాకాహారులు. చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన పదార్థం కలుపుతారట, నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: లోపం సీసాలోనూ లేదు, చీజ్‌లోనూ లేదండీ, ఆ రెంటికీ పొత్తు కుదరదు, అంతే. కాబ్రాలెస్ అంటే ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్ కొండ గుహల్లో, ఆ చలిలో ఆ తేమలో నెలల తరబడి మగ్గి లోపలంతా నీలం బూజు పాకే చీజ్, ఉప్పూ ఎక్కువే ఘాటూ ఎక్కువే. ఎర్ర వైన్‌లోనేమో ద్రాక్ష తొక్కల వగరు, దానికి తోడు పీపా చెక్క వగరు ఉంటాయి (రిసర్వా అంటే కనీసం 3 ఏళ్లు మాగాలి, అందులో ఒక ఏడాదైనా పీపాలో). ఈ వగరు ఆ బూజు ఘాటుకి తగిలితే ఇనుము నాకినట్టు అయిపోతుంది. కాబ్రాలెస్‌కి కావలసింది తీపి. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే పేద్రో హిమేనెస్ అనే తీపి వైన్ కొనండి, నల్లగా, పాకంలా చిక్కగా ఉంటుంది కాబట్టి చిన్న గ్లాసులో కొంచెమే పోయాలి. లేదంటే అస్తూరియాస్ వాళ్లు తాగే సిద్రా, అంటే పులియబెట్టిన ఆపిల్ రసం.

మీ రియోహా వృథా కాదు, మాంచేగో చీజ్‌తో పెట్టండి. లా మాంచాలో మాంచేగా జాతి గొర్రెల పాలతోనే చేస్తారు, అంచు మీద గడ్డి అల్లిక గుర్తులు కనిపిస్తాయి. ఆరు నెలలు మాగిన ముక్క తీసుకోండి, అందులోని కొవ్వూ ఉప్పూ వైన్ వగరుని తగ్గిస్తాయి. కానీ నన్నడిగితే మాంచేగోకి అసలు జోడీ ఫినో. దక్షిణాన హెరేస్‌లో చేసే తెల్ల షెర్రీ వైన్ ఇది, పీపాలో వైన్ పైన ఈస్ట్ పొర కట్టి గాలి తగలనివ్వదు, అందుకే తీపి లేకుండా, కాస్త బాదం రుచితో ఉంటుంది. బాగా చల్లగా పోసి, చీజ్ ముక్క నోట్లో ఉండగానే ఒక గుక్క తాగి చూడండి. మామూలు వైన్ కంటే ఘాటు, 15 శాతం ఆల్కహాల్ ఉంటుంది. తెరిచిన సీసా మాత్రం ఎక్కువ రోజులు దాచకండి. మెత్తటి గలీసియా చీజ్ తెతియా దొరికితే అక్కడి తెల్ల వైన్ అల్బరీన్యోతో సరి.

ఇక శాకాహారుల సంగతి. మీరు విన్నది నిజమే, చాలా చీజ్‌లలో పాలు విరవడానికి దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోని పదార్థం వాడతారు, మాంచేగోని కూడా అడగకుండా వడ్డించకండి. కానీ ఎస్త్రెమదూరాలో తోర్తా దెల్ కసార్ అని ఒకటుంది, ముళ్ల మొక్క పూలని నీళ్లలో నానబెట్టి ఆ నీటితోనే గొర్రె పాలు విరుస్తారు. లోపల జారుగా ఉంటుంది, పైన మూతలా కోసి బ్రెడ్‌తో అద్దుకుని తినాలి, చివర్లో తగిలే ఆ చిరుచేదు నాకెంతో ఇష్టం. లేబుల్ మీద ‘క్వాహో వెహెతాల్’ (మొక్కతో విరిచింది) అని ఉంటే ధైర్యంగా కొనండి, ‘అనిమాల్’ (జంతువుది) అని ఉంటే వద్దు.

చీజ్‌లన్నీ గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టండి, కాబ్రాలెస్‌ని చివరికి ఉంచండి, అది ముందు తింటే ఇంక వేరే రుచి ఏదీ తెలియదు. మందు ముట్టనివాళ్లకి అక్కడి బార్లలో దొరికే ద్రాక్షరసం, మోస్తో, తెచ్చిపెట్టండి.